ర్యామ్ ధరలకు రెక్కలు.. తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ పీసీ సాధ్యమేనా?

ఈ-స్పోర్ట్స్‌కు చట్టంలో చోటు దక్కింది. అదే సమయంలో ఆడటానికి కావాల్సిన కంప్యూటర్ ఖరీదైపోయింది. బషీర్‌బాగ్, నారాయణగూడ కాలేజీల్లో చదివే కుర్రాళ్లు, అశోక్‌నగర్, చిక్కడపల్లి హాస్టళ్లలో ఉండేవాళ్లు ఇప్పుడు అడుగుతున్నది ఒక్కటే. ఉన్న కొద్దిపాటి డబ్బుతో పోటీల్లో నిలబడే పీసీ వస్తుందా?

వస్తుంది. కాకపోతే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలియాలి.

అసలేం మారింది?

2025 ఆగస్టులో పార్లమెంట్ ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధించింది. ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం వేరుగా చూసింది. పోటీలకు ఎంట్రీ ఫీజు, ప్రైజ్ మనీ ఉండొచ్చు. పందెం మాత్రం కుదరదు. అంటే వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ లాంటి ఆటలను రమ్మీతో ఒకే గాటన కట్టాల్సిన పని లేదు. ఇంట్లో ఒప్పించడానికి ఇది కాస్త పనికొచ్చే మాటే.

మరోవైపు 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు భగ్గుమన్నాయి. కారణం ఏఐ. ప్రపంచానికి మెమరీ చిప్‌లు ఇచ్చేది ప్రధానంగా శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఈ మూడూ ఏఐ డేటా సెంటర్లకు వాడే మెమరీ వైపు మళ్లాయి. 2025 డిసెంబర్ 3న మైక్రాన్ ఒక అడుగు ముందుకేసి, మామూలు కస్టమర్లకు అమ్మే క్రూషియల్ బ్రాండ్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. దాని సెగ సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబుల్డ్ పీసీ కొనేవాళ్లకూ తగులుతోంది.

లేటెన్సీ అంటే ఇదీ లెక్క

మౌస్ క్లిక్ చేసిన క్షణం నుంచి స్క్రీన్‌పై తుపాకీ పేలేదాకా పట్టే సమయమే లేటెన్సీ. దీన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. ఆలస్యం రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి పీసీలో, రెండోది ఇంటర్నెట్‌లో.

ముందు పీసీ సంగతి. మామూలు 60 హెర్ట్జ్ మానిటర్‌లో కొత్త బొమ్మ 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తుంది. 144 హెర్ట్జ్‌లో 6.9 మిల్లీసెకన్లకే వస్తుంది. ఒక్కో బొమ్మకు దాదాపు 10 మిల్లీసెకన్ల తేడా. అదే 144 నుంచి 240కి వెళితే కలిసొచ్చేది మూడు మిల్లీసెకన్ల లోపే. కాబట్టి మొదటి మెట్టు ఎక్కడంలోనే ఎక్కువ లాభం. మౌస్‌దీ ఇదే కథ. 125 హెర్ట్జ్ మౌస్ 8 మిల్లీసెకన్లకోసారి సమాచారం పంపితే, 1000 హెర్ట్జ్ మౌస్ మిల్లీసెకనుకోసారి పంపుతుంది. ఇది వైర్ ఉన్న చవక మౌసుల్లోనూ దొరుకుతుంది.

గ్రాఫిక్స్ కార్డు మోజు అవసరమా?

బడ్జెట్‌లో సగం గ్రాఫిక్స్ కార్డుకే పోయడం చాలామంది చేసే పని. కానీ వాలరెంట్‌లో సెకనుకు 144కు పైగా ఫ్రేములు రావాలంటే ఏం కావాలో ఆ గేమ్ తయారుచేసిన రయట్ సంస్థే చెప్పింది. ఆ జాబితాలో ఉన్నది జీటీఎక్స్ 1050 టీఐ. అది 2016లో వచ్చిన కార్డు! కౌంటర్-స్ట్రైక్ 2 ఇంతకంటే బరువైన గేమ్. అయినా సెట్టింగ్స్ తగ్గించుకుంటే మధ్యస్థాయి కార్డు సరిపోతుంది. ఇలాంటి ఆటల్లో ప్రాసెసర్ పాత్రే పెద్దది.

సెకండ్ హ్యాండ్ పీసీ కొనేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. విండోస్ 10కు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 ఉండాలి. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ జనరేషన్ లేదా ఆపైది కావాలి. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం, సెక్యూర్ బూట్ ఆన్ చేసి ఉండాల్సిందే. ఆఫీసులు తీసేసిన 6వ, 7వ జనరేషన్ డెస్క్‌టాప్ చవగ్గా వస్తోందని కొంటే ఆనక తలనొప్పే.

పైసా ఖర్చు లేనివి

144 హెర్ట్జ్ మానిటర్ కొని, విండోస్ సెట్టింగ్స్‌లో 60 దగ్గరే వదిలేస్తే డబ్బు దండగ. ముందు అది మార్చాలి. వి-సింక్ ఆపాలి. ఎన్‌విడియా కార్డు ఉంటే గేమ్‌లో రిఫ్లెక్స్ ఆన్ చేయాలి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకపోతే ర్యామ్ తన పూర్తి వేగంతో నడవదు. వీలైతే ఒక్క 16 జీబీ స్టిక్ బదులు రెండు 8 జీబీ స్టిక్‌లు మేలు.

హాస్టల్ వైఫైతోనే అసలు చిక్కు

వాలరెంట్‌కు ముంబైలో సర్వర్ ఉంది. హైదరాబాద్ నుంచి గాలిలో కొలిస్తే సుమారు 620 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే పోయి రావడానికే కనీసం 6 మిల్లీసెకన్లు. కేబుల్ తిన్నగా వెళ్లదు, మధ్యలో రూటర్లు ఉంటాయి. అందుకే నిజంగా వచ్చే పింగ్ అంతకంటే ఎక్కువే. ఎంత ఖరీదైన పీసీ కొన్నా దీన్ని తగ్గించలేం.

అయితే ఆటను చెడగొట్టేది నిలకడగా ఉండే పింగ్ కాదు, ఎగిరిపడే పింగ్. అశోక్‌నగర్ హాస్టల్‌లో పదిమంది ఒకే వైఫై మీద వీడియో క్లాసులు చూస్తుంటే, ఒకరు పెద్ద ఫైల్ డౌన్‌లోడ్ పెడితే చాలు, మిగతావాళ్ల డేటా రూటర్ దగ్గర క్యూ కడుతుంది. అలాంటి చోట పీసీ మీద లక్ష పెట్టినా ఫలితం ఉండదు. ప్లాన్ స్పీడ్ పెంచినా అన్నిసార్లూ పని జరగదు. గేమ్‌కు కావాల్సిన డేటా తక్కువే, అది టైమ్‌కు చేరడం ముఖ్యం. రూటర్ నుంచి నేరుగా లాన్ కేబుల్ లాగడం మొదటి మందు. అది కుదరకపోతే ఇద్దరు ముగ్గురు రూమ్‌మేట్స్ కలిసి వేరే కనెక్షన్ పెట్టించుకోవడం రెండోది.

మరి ఏది ముందు కొనాలి?

మానిటర్, మదర్‌బోర్డు, మంచి ఎస్‌ఎంపీఎస్.. ఈ మూడింటిలో రాజీ వద్దు. మళ్లీ మళ్లీ మార్చేవి కావు. ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు తర్వాత పెంచుకోవచ్చు. ర్యామ్ రేటు మండుతున్న ఈ రోజుల్లో 32 జీబీ మోజు పక్కనపెట్టి 16తో మొదలుపెట్టడమే తెలివి.

ఇక చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మారి, ప్యారడైజ్‌లో దిగి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌కు లాన్ కేబుల్ పెట్టి, రాత్రి తొమ్మిది నుంచి పదకొండు మధ్య రూమ్‌లో వారం రోజులు పింగ్ చూసుకోవాలి. అది నిలకడగా లేకపోతే ముందు మార్చాల్సింది కనెక్షన్‌ను. పీసీ డబ్బు అప్పటిదాకా జేబులోనే ఉండనివ్వాలి.