బండి క్రింద చూచి కదలవలెను

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరం విడిచి దక్షిణంగా సాగే రహదారి ఒక ప్రక్క కొండను, మరొక ప్రక్క ఫాల్స్ బే అనే అఖాతాన్ని పెట్టుకొని నడుస్తుంది. మ్యూజెన్‌బర్గ్, ఫిష్ హోక్ వంటి చిన్న ఊళ్ళు దాటి సుమారు 40 కిలోమీటర్లు పోయిన పిమ్మట సైమన్స్ టౌన్ వస్తుంది. ఆ ఊరి చివర ఉన్న బౌల్డర్స్ తీరం వద్ద, యాత్రికులు కార్లు నిలిపే చోట, ఒక హెచ్చరిక పలక కనిపిస్తుంది. బండి కదలించే ముందు దాని క్రింద పెంగ్విన్లు ఉన్నవేమో చూడవలసినదని ఆ పలక కోరుతుంది. నీడకోసం ఆ పక్షులు కార్ల క్రింద దూరడం అక్కడ వింత కాదు.

పెంగ్విన్ అనగానే బాలబాలికల మనస్సులో మెదిలేది మంచు. పాఠ్యపుస్తకంలోని బొమ్మ అట్టిది. కాని భూమధ్యరేఖ దాపున ఉన్న గాలపాగోస్ దీవులలోను ఒక జాతి పెంగ్విన్లు ఉన్నవి. ఆఫ్రికా పెంగ్విన్ కూడ ఎండలో బ్రతికే పక్షియే. ఎత్తు రెండడుగులకు కొంచెం పైమాట. బరువు మూడు కిలోల ప్రాంతం. కంటిపై నున్న గులాబిరంగు చర్మం ఒంటి వేడిని బయటికి పంపడానికి తోడ్పడుతుంది. దాని కూత గాడిద ఓండ్రను పోలి ఉంటుంది. పుస్తకంలో చదివినదానికి, దారి ప్రక్క చూచినదానికి ఉన్న ఈ తేడాయే ప్రయాణం చెప్పే మొదటి పాఠం.

బౌల్డర్స్ తీరంలో ఈ పక్షులు అనాదిగా ఉన్నవి కావు. 1982లో రెండు జంటలు వచ్చి గూళ్ళు కట్టుకొన్నవి. క్రమంగా అక్కడ, మనుష్యుల ఇండ్ల నడుమనే, ఒక పెద్ద పక్షిపల్లె వెలసినది. ఇప్పుడు యాత్రికుడు చెక్కవంతెన మీద నిలిచి చూడవలసినదే గాని, గూళ్ళున్న ఇసుకలోకి దిగరాదు. ఇంతదూరం వచ్చి కంచె వెనుక నిలువడమేమని విసుగుకొనేవారు కొందరుంటారు. వారి విసుగు సహజమే. కాని న్యాయం మాత్రం కంచెదే.

పెంగ్విన్ పారిపోకపోవడం చూచి అది మచ్చిక అయినదని తలచడం పొరపాటు. ఏటా ఒకసారి అది ఈకలన్నీ రాల్చి క్రొత్తవి తొడుగుకొంటుంది. ఆ మూడు వారాలు దాని ఒంటికి నీటిని ఆపే శక్తి ఉండదు. కనుక సముద్రంలోకి దిగలేదు. దిగలేదు గనుక తిండి లేదు. ఉపవాసంతో, లోగడ కూడబెట్టుకొన్న కొవ్వుతో ప్రాణం నిలుపుకొంటూ ఒడ్డున నిలిచి ఉంటుంది. గుడ్లు పొదిగే కాలమైతే తల్లిదండ్రులు వంతులవారీగా సుమారు 40 దినాలు గూటిని కాచుకొని ఉండవలసినదే. ఛాయాచిత్రం కోసం దగ్గరకు పోయేవాడు స్నేహితుణ్ణి పలకరించడం లేదు. కదలలేని వానిని బెదరిస్తున్నాడు.

అయినను యాత్రికుణ్ణి ఒక్కణ్ణి నిందించి ఊరకుండడం సత్యానికి సగమే. పందొమ్మిదవ శతాబ్దంలో గ్వానో అనే పక్షిరెట్టను పొలాలకు ఎరువుగా దీవుల నుండి త్రవ్వి తరలించారు. ఆ పొరలోనే బొరియలు చేసుకొని చల్లగా గుడ్లు పెట్టుకొనే పెంగ్విన్లు వట్టి రాళ్ళపై, ఎండలో మిగిలినవి. ఆ గుడ్లను కూడ తిండికై లక్షలకొలది ఏరుకొన్నారు. 1956లో లెక్కించినప్పుడు 1,00,000 జంటలకు మించి ఉన్న ఈ జాతి 2024 నాటికి 10,000 జంటల లోపునకు వచ్చినది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఆ ఏటనే దీనిని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో చేర్చినది. ఈ క్షయం ఇట్లే సాగితే 2035 నాటికి సముద్రతీరాలలో ఇది కనుమరుగు కావచ్చునని శాస్త్రజ్ఞులు హెచ్చరించారు.

నేటి కొరత ముఖ్యంగా తిండి కొరత. కవళ్ళు, నెత్తళ్ళు ఈ పక్షికి ప్రధానాహారం. సముద్రజలాల మార్పువల్ల ఆ చేపలు చోటు మార్చగా, మిగిలినవానికోసం వలలు పోటీకి వచ్చినవి. వల వేసేవానికి కూడ ఇల్లు, పిల్లలు ఉన్నారు. అతని బ్రతుకును కాదనడం ధర్మం కాదు. అందుచేతనే 2025 మార్చిలో ఉభయపక్షాలు ఒప్పుకొన్న రాజీని ప్రిటోరియా ఉన్నత న్యాయస్థానం ఉత్తరువుగా జారీచేసిన తీరు గమనింపదగినది. సముద్రమంతా మూయలేదు, ఆరు ముఖ్య స్థావరాల చుట్టూ మాత్రం ఈ చేపల వేటకు పదేండ్లపాటు హద్దులు పెట్టారు. తీరంలోని కంచె యాత్రికునికి ఎట్టిదో, ఈ హద్దు ఓడలకు అట్టిదే.

అసలు మనుష్యుడు అక్కడికి పోకుండుటే మేలు కాదా అనవచ్చును. 2000 జూన్‌లో ట్రెజర్ అనే ఓడ ఆ సముద్రంలో మునిగి చమురు కారినప్పుడు జరిగినది దీనికి సమాధానం. నూనెలో తడిసిన సుమారు 19,000 పెంగ్విన్లను వేలాది స్వచ్ఛంద సేవకులు చేతులతో కడిగి కాపాడారు. నూనె అంటని మరి 19,500 పక్షులను పట్టి, వందల కిలోమీటర్ల దూరాన పోర్ట్ ఎలిజబెత్ వద్ద విడిచారు. అవి ఈదుకొంటూ ఇంటికి చేరేలోపల సముద్రం శుభ్రపడినది. ఎన్నడూ చూడని ప్రాణికోసం అంతమంది చేతులకు నూనె పూసుకొందురా? చూచుటవల్ల ప్రేమ పుడుతుంది. కాని ప్రేమకు హద్దు తెలియకున్న, చూపే హాని అవుతుంది.

విహారయాత్రకు పిల్లలను తీసుకొనిపోయే ఉపాధ్యాయుడు ఏమేమి చూడవలెనో చెప్పుట వాడుక. ఎంత దూరం నుండి చూడవలెనో, ఎప్పుడు వెనుకకు తగ్గవలెనో చెప్పుట అంతకు మించిన విద్య. బౌల్డర్స్ పలక చెప్పేది అదియే. ఎరువు త్రవ్వినవారు, గుడ్లు ఏరినవారు, చమురు మోసినవారు, వలలు విసరినవారు దుర్మార్గులు కారు. తమ బండి క్రింద ఎవరున్నారో వంగి చూడకుండ కదిలినవారు. వంగి చూడడానికి పట్టేది ఒక్క క్షణం. ఆ క్షణాన్ని ఇవ్వగల విద్యార్థి ఏ దారిన పోయినా, ఆ దారి మరొక ప్రాణికి కూడ మిగులుతుంది.