ఫోన్ పెట్టేస్తే మోటరు ఆగుతదా?

నిరుడు మార్చిల ఒక శనివారం రాత్రి. ముప్కాల్‌లో మా ఇంటి పై గదిలో ల్యాప్‌టాప్ ముందు కూచున్నా. కంపెనీ పాత డేటాబేస్ నుంచి కొత్తదానికి ఆర్డర్లన్నీ తరలించే స్క్రిప్ట్ నడుస్తోంది. ఐదారు గంటల పని. స్క్రీన్ మీద లైన్లు సర్రున పోతున్నయ్, చూడముచ్చటగా ఉంది. నాలుగో గంటలో గాలివాన మొదలైంది. కరెంటు పోయింది.

ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది. వైఫై రూటర్‌కు లేదు. సిగ్నల్ కోసం డాబా ఎక్కి, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, మళ్లీ సర్వర్‌లోకి వెళ్లేసరికి ముప్పావుగంట పట్టింది. చూస్తే స్క్రిప్ట్ లేదు. సచ్చిపోయింది.

సచ్చిపోతే మళ్లీ నడిపించుకోవచ్చు. అసలు బాధ అది కాదు. ఎక్కడిదాకా నడిచి సచ్చిందో తెలియకపోవడం. నా స్క్రీన్ మీద చివరి లైను 11.52ది. కానీ నెట్ అట్లా గుట్టుగా తెగిపోతే ఆ సంగతి సర్వర్‌కు వెంటనే తెలియదు, అవతల నేనింకా ఉన్నాననే అనుకుంటుంది. కాబట్టి 11.52 తర్వాత కూడా స్క్రిప్ట్ కొంతసేపు నడిచే ఉంటుంది. అది ఎంతసేపో చెప్పడానికి లాగ్ లేదు. లైన్లన్నీ స్క్రీన్ మీదికే పంపిన గానీ ఫైల్లోకి రాయలేదు. ఆదివారం మొత్తం రెండు డేటాబేస్‌లనూ పక్కపక్కన పెట్టి లెక్కలు సరిచూస్తూ కూచున్నా.

సోమవారం కాల్‌లో మేనేజర్ తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఊళ్లో నెట్ ఇట్లానే ఉంటే కష్టం కదా, వచ్చేవారం నుంచి హైదరాబాద్ వచ్చెయ్ రాదూ" అన్నాడు మెల్లగా. నాకు ఇంటి నుంచి పనికి ఇచ్చింది మూడు నెలలే. అప్పటికి నెలన్నర అయింది. ఇక్కడేమో పసుపు తవ్వి, ఉడకబెట్టి, కళ్లంలో ఆరబోసిన టైం. నాయినకు మోకాళ్లు. నేను పోతే ఆ ఎండలో కుప్పలు తిరగేసేదెవరు?

ఆదివారం పొద్దున నా మొహం చూసి నాయిన అడిగాడు, "ఏమైందిరా?" అని. కరెంటు పోయి నెట్ తెగింది, సర్వర్ల పని ఆగిపోయింది అని చెప్పా.

"సర్వరు మనింట్ల ఉన్నదా?"

"లేదు నాయినా, ముంబైల ఉంటది."

"ఆడ కరెంటు పోయిందా?"

"పోలే."

"మరి ఆడి పని ఎందుకాగింది? నేను మోటరుకు ఫోన్ చేస్త, ఆన్ జేస్త, ఫోన్ పెట్టేస్త. ఫోన్ పెట్టేస్తే మోటరు ఆగుతదా?"

మా బాయికాడ మొబైల్ స్టార్టర్ ఉంది. దాంట్లో ఒక సిమ్ ఉంటుంది. మంచంలో పడుకునే మోటరు వేయొచ్చు. నాయిన అడిగింది ఎంత సరైన ప్రశ్నంటే, యూనిక్స్ తయారుచేసినోళ్లకు 1970లలోనే అదే తలనొప్పి. అప్పుడు పెద్ద కంప్యూటర్‌కు టెలిఫోన్ లైను మీదే కనెక్ట్ అయ్యేవాళ్లు. ఫోన్ పెట్టేస్తే, అంటే హ్యాంగప్ అయితే, ఆ లైను మీద నడుస్తున్న ప్రోగ్రాములకు సిస్టమ్ ఒక కబురు పంపేది: "నీ మనిషి పోయిండు, నువ్వు కూడా బంద్ చేసుకో" అని. ఆ కబురు పేరు సిగ్‌హప్. ఫోన్ లైన్లు పోయి ఫైబర్ వచ్చినా ఆ కబురు మాత్రం ఇప్పటికీ అదే పేరుతో వస్తూనే ఉంది. శనివారం రాత్రి నా స్క్రిప్ట్‌ను చంపింది అదే.

దీనికి మందు కూడా అప్పటిదే. నోహప్. పేరులోనే ఉంది, నో హ్యాంగప్. కమాండ్ ముందు ఈ మాట పెడితే ఆ కబురు వచ్చినా ప్రోగ్రాము వినిపించుకోదు. చివర ఒక & గుర్తు పెడితే వెనకాల నడుస్తూ ఉంటుంది. స్క్రీన్ మీద పడాల్సిన లైన్లు నోహప్ డాట్ అవుట్ అనే ఫైల్లో పడతాయి. ఇక అయిపోయింది, గెలిచిన అనుకున్నా.

బుధవారం రాత్రి టెస్ట్ సర్వర్ మీద రిహార్సల్ పెట్టా. నోహప్ కొట్టి నిద్రపోయా. పొద్దున లేస్తే డిస్క్ ఫుల్. డేటాబేస్ నిలబడిపోయింది. కారణం నా లాగే. తప్పు ఎక్కడుందో తెలియాలని డీబగ్ మోడ్ ఆన్ చేసి పెట్టినా. ప్రతి ఆర్డర్‌కూ దాని మొత్తం చరిత్ర రాసుకుంటూ పోయింది. 40 జీబీ. మొదటిసారి లాగ్ లేక చచ్చిన, రెండోసారి లాగే చంపింది.

గాబరాలో ఆ ఫైల్ డిలీట్ చేశా. జాగా మాత్రం రాలేదు! ఇది చాలామందికి తెలియని సంగతి. లినక్స్‌లో ఒక ప్రోగ్రాము ఫైల్‌ను తెరిచి పట్టుకొని ఉంటే, మనం డిలీట్ చేసినా పేరు మాత్రమే పోతుంది. ఆ ప్రోగ్రాము వదిలేదాకా జాగా ఖాళీ కాదు. డిలీట్ కాదు, ట్రంకేట్ చేయాలి, అంటే ఫైల్‌ను అట్లనే ఉంచి లోపలిదంతా సున్నాకు కత్తిరించాలి. ఇంకో మెలిక కూడా ఉంది. లాగ్‌ను మీరే ఫైల్లోకి మళ్లిస్తే ఒక బాణం > కాదు, రెండు బాణాలు >> పెట్టండి. ఒక్క బాణంతో మొదలైన ప్రోగ్రాము, మీరు కత్తిరించిన తర్వాత కూడా పాత చోటు నుంచే రాస్తుంది. ఫైల్ సైజు మళ్లీ 40 జీబీ అని చూపించి గుండె ఆగేలా చేస్తుంది. చివర 2>&1 మర్చిపోవద్దు, నోహప్ లేకుండా నడిపేటప్పుడు అది లేకపోతే మామూలు కబుర్లు ఫైల్లో పడతాయి, ఎర్రర్లు పడవు. మనకు కావాల్సింది ఎర్రర్లే కదా.

స్క్రిప్ట్‌ను కూడా మార్చా. ప్రతి ఆర్డర్‌కూ కాకుండా పదివేలకోసారి ఒక్క లైను: టైం, ఎన్నైనయ్, చివరి ఆర్డర్ నంబరు. ఎర్రర్ వస్తే మాత్రం పూర్తి కథ. ఆ చివరి నంబరు చూసుకొని, ఆగితే అక్కడి నుంచే మొదలుపెట్టేలా రాశా. మొత్తం లాగ్ రెండు ఎంబీ కూడా దాటలేదు. అన్నట్టు, స్క్రిప్ట్ పైథాన్‌ది అయితే -యు పెట్టి నడపండి. లేకపోతే లైన్లను కడుపులో దాచుకొని, గంపగుత్తగా ఫైల్లోకి కక్కుతుంది. లాగ్ కదలట్లేదు, ఆగిపోయిందేమో అని మంచిగా నడుస్తున్నదాన్ని చంపేస్తాం. నేను ఒకసారి చంపిన.

నోహప్‌తో ఇంకో లోటుంది. వదిలిపెట్టిన పని దగ్గరికి మళ్లీ పోయి కూచోలేం. మధ్యలో అది "అవునా, కాదా" అని అడిగితే జవాబిచ్చే దిక్కు లేదు. అందుకే స్క్రీన్ అనే ప్రోగ్రాము పుట్టింది. 1987లో బెర్లిన్ టెక్నికల్ యూనివర్సిటీలో ఒలివర్ లావ్‌మన్, కార్స్టెన్ బోర్మన్ రాశారు. నేను వాడేది దాని తర్వాత వచ్చిన టీమక్స్, 2007లో నికొలస్ మారియట్ మొదలుపెట్టింది. దీంట్లో మన టెర్మినలే సర్వర్ మీద బతుకుతుంది. మన దగ్గరున్నది ఒట్టి కిటికీ. కంట్రోల్-బి, తర్వాత డి కొడితే కిటికీ మూసుకుంటుంది, లోపల పని నడుస్తుంది. తర్వాత ఎక్కడి నుంచైనా, ఏ మిషన్ నుంచైనా టీమక్స్ అటాచ్ అంటే వదిలిన చోటే తెరుచుకుంటుంది. నేను సెషన్‌కు పేరు కూడా పెట్టా, పసుపు అని.

అసలు తరలింపు వచ్చే శనివారం పొద్దున పెట్టుకున్నాం. అదే రోజు నిజామాబాద్ యార్డుకు సరుకు తీసుకుపోవాలె. మేనేజర్‌ను అడిగి, ఫోన్లో టర్మక్స్ యాప్ వేసుకొని, పాస్‌వర్డ్ ఉన్న కీ పెట్టుకున్నా. ఎనిమిదింటికి పని మొదలుపెట్టి, కిటికీ మూసి, బండెక్కిన.

యార్డులో కొమ్ము ఒక కుప్ప, మండ ఒక కుప్ప పోసి, ఈ-నామ్‌లో రేటు పడేదాకా కూచోవాలె. ఆ నీడన కూచొని ఫోన్ తీశా. లాగ్ మొత్తం తెరవలేదు. టెయిల్‌తో చివరి ఐదు లైన్లు. తర్వాత గ్రెప్ -సి తో ఎర్రర్ అనే మాట ఎన్ని లైన్లలో ఉందో లెక్క. మూడు. ఆ మూడింటినీ లెస్‌లో చూశా. లెస్ ఎంత పెద్ద ఫైలైనా మొత్తం మింగదు, చూసే ముక్క వరకే చదువుతుంది. ఫోన్లో చూసేటప్పుడు -ఎస్, అదీ పెద్దక్షరం ఎస్, పెట్టాలి. లేకపోతే ఒక్కో లైను నాలుగైదు ముక్కలై కండ్లు పోతాయి. మూడూ పాత టెస్ట్ ఆర్డర్లే, పోతే పోనీ.

మధ్యలో రెండుసార్లు సిగ్నల్ పోయింది. ఒకసారి టర్మక్స్‌నే ఫోన్ మూసేసింది. మళ్లీ ఎక్కి అటాచ్ కొట్టిన, పదివేల లైన్లు పడుతూనే ఉన్నయ్.

"ఆగిందా ఏంది?" అన్నాడు నాయిన, నా భుజం మీదికి వంగి.

"ఆగలే. ఫోన్ పెట్టేసినా నడుస్తుంది."

"గదే కదరా నేను చెప్పింది."

కాంటా కాడ మా నంబరు పిలిచారు. టర్మక్స్‌లో వాల్యూమ్ తగ్గించే బటనే కంట్రోల్. అది పట్టుకొని బి కొట్టి, వదిలి, డి కొట్టి, ఫోన్ జేబుల పెట్టి బస్తా అందుకున్నా.