భూమి తీసుకునేదీ, తగువు తీర్చేదీ వాళ్లేనా?

జాతీయ రహదారి కింద భూమి పోయిన రైతుకు మొదట ధర కట్టేది రెవిన్యూ అధికారి. అది చాలదంటే, మధ్యవర్తి దగ్గరికి పొమ్మంటుంది 1956 నాటి జాతీయ రహదారుల చట్టం. ఆ మధ్యవర్తిని వేసేది కేంద్ర ప్రభుత్వం. చాలాచోట్ల ఆయన జిల్లా కలెక్టరే! రోడ్డు ప్రభుత్వానిది, భూమి తీసుకున్నది ప్రభుత్వం, పంచాయితీ చెప్పేదీ ప్రభుత్వోద్యోగే. దొర అరుగు మీద జరిగే పంచాయితీకీ దీనికీ తేడా ఏమిటని అడుగుతున్నాం.

వ్యాపారుల తగాదాల్లో ఇరుపక్షాలూ ఒప్పుకొని మధ్యవర్తిని పెట్టుకుంటారు. ఇక్కడ రైతునడిగిందెవరు? వేరే మనిషిని వేయమని కోర్టుకు పోయినా లాభం లేదు. ఆ నియామకం కేంద్రానిదేనని సుప్రీం కోర్టు 2019లో సయ్యదాబాద్ టీ కంపెనీ కేసులో తేల్చేసింది.

అయినా ఆ మధ్యవర్తి అధికారాన్ని సవాలు చేసే దారి పూర్తిగా మూసుకుపోలేదు. 1996 మధ్యవర్తిత్వ చట్టం ప్రకారం, ఆయన నిష్పాక్షికత మీద అనుమానముంటే, సంగతి తెలిసిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. దాన్ని విచారించేదీ ఆయనే! తన కుర్చీ తనే ఎవరు ఖాళీ చేస్తారు? తోసిపుచ్చుతాడు. తోసిపుచ్చనీండి, కాగితం ఫైల్లో ఉంటుంది. తీర్పు చేతికందిన మూడు నెలల్లో దాన్ని కొట్టేయమని జిల్లా కోర్టుకెక్కితే అదే మనకు ఆధారం. ముందు నోరెత్తని వాడు ఒప్పుకున్నట్లే లెక్క.

మరి కోర్టులో గెలిస్తే ఏమొస్తుంది? తమిళనాడులో చదరపు మీటరుకు 46 నుంచి 83 రూపాయల దాకా కట్టారు. మధ్యవర్తి కలెక్టరు దానికే తలూపాడు. జిల్లా కోర్టు 645 చేసింది. 2021 జులైలో సుప్రీం కోర్టు ఆ రైతుల డబ్బు ముట్టుకోలేదు గానీ, కోర్టులు తీర్పును రద్దు చేయొచ్చు, ధర పెంచకూడదు అంది. 2025 ఏప్రిల్లో అయిదుగురు జడ్జీల బెంచి కొద్దిగా సడలించింది. లెక్కల తప్పులు, వడ్డీ వంటివి సరిచేయొచ్చట. భూమి విలువ కొత్తగా కట్టడం అందులో లేదు. అంటే గెలిచిన రైతు కూడా మళ్లీ అదే కచేరీ మెట్లెక్కాలి!

2013 భూసేకరణ చట్టంలో పరిహారం తగువు వినేవాడు జిల్లా జడ్జి స్థాయి మనిషి. పరిహారం లెక్కకు ఆ చట్టాన్ని 2015లో రహదారులకూ వర్తింపజేశారు. తగువు మాత్రం కలెక్టరు చేతిలోనే ఉంచారు. ఆ చట్టమే మూడేళ్లుగా ఆ పొలాల మీద బతికే కూలీనీ, కౌలుదారునీ నష్టపోయిన కుటుంబమంటోంది. మేము చూసిన ఫైళ్లలో వాళ్ల పేర్లే లేవు.

రహదారి రైతుకూ జడ్జి ముందే విచారణ కావాలని మా డిమాండు. అది సాధించేలోగా, నోటీసు వచ్చిన ఊళ్లలో మన కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి అభ్యంతరాలు రాయించాలి. కచేరీలో ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి.