కాలేజీలో చేరాక స్కాలర్‌షిప్పులు

ఈ శీర్షికలో మేము మామూలుగా మధుమేహం గురించో, పిల్లల టీకాల గురించో రాస్తుంటాం. ఈ నెల రక్తపోటు పెంచే మరో సంగతి చెబుతాం: కాలేజీ ఫీజు.

మన ఇళ్ళలో స్కాలర్‌షిప్పుల వేట హైస్కూలుతోనే ఆగిపోతుంది. కానీ చదువు మధ్యలో ఉన్నవారికే కేటాయించినవి కూడా ఉన్నాయి. సైన్సు, ఇంజనీరింగు, లెక్కల్లో పరిశోధన చేయదలచినవారికి గోల్డ్‌వాటర్ స్కాలర్‌షిప్ ఉంది. రెండో, మూడో సంవత్సరంలో దరఖాస్తు చేసుకోవాలి. ఏడాదికి 7,500 డాలర్ల దాకా ఇస్తారు. ప్రజాసేవ వైపు వెళ్ళేవారికి 1975లో కాంగ్రెసు నెలకొల్పిన ట్రూమన్ స్కాలర్‌షిప్ ఉంది. రెండింటికీ కాలేజీయే పేరు పంపాలి. కాబట్టి ముందు కాలేజీలోనే వాకబు చేయాలి. తమ శాఖలో ఏవైనా ఉన్నాయా అని ప్రొఫెసర్లనూ అడగాలి.

ఇక ఫాఫ్సా ఫారం. దీన్ని ఏటేటా కొత్తగా నింపాలి. మామూలుగా అక్టోబరు 1న మొదలవుతుంది. "డాక్టర్లం, మాకెవరిస్తారు?" అని చాలామంది దాని జోలికే పోరు. కానీ ఆ ఫారం చూసేది రెండేళ్ళ కిందటి ఆదాయం. ఈలోగా ఉద్యోగం పోయినా, ఇంట్లో పెద్ద జబ్బు వచ్చినా దానికి తెలియదు. కాగితాలు పట్టుకెళ్ళి ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో చెప్పుకుంటే, లెక్క సవరించే అధికారం వారికుంది. నామోషీ అని ఊరుకుంటే పిల్లల చదువుకే ఎసరు. మన పెద్దల్లో ఎందరో వారాలు చేసుకుని, రోజుకో ఇంటి గడప తొక్కి చదువుకున్నారు. మనం తొక్కవలసింది ఒక్క ఆఫీసు గడప.

హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ సహాయం రాదు. 21 ఏళ్ళు నిండితే ఆ వీసా కూడా చెల్లదు. అలాంటివారు కాలేజీ సొంతంగా ఇచ్చేవి, ప్రైవేటు సంస్థలు ఇచ్చేవి వెతకాలి. అర్హతల్లో పౌరసత్వం సంగతి ముందే చదివితే శ్రమ వృథా కాదు.

మూడు జాగ్రత్తలు. దరఖాస్తుకు డబ్బు అడిగేవారిని నమ్మకండి. బయటి స్కాలర్‌షిప్ వస్తే కాలేజీ తన సహాయం తగ్గించవచ్చు. ముందు అప్పు భాగం తగ్గించమని అడగండి. డిగ్రీ విద్యార్థి ఫీజుకూ, అవసరమైన పుస్తకాలకూ వాడిన సొమ్ముపై పన్ను ఉండదు. గదికీ భోజనానికీ వాడినది ఆదాయం కిందికే వస్తుంది.

ఈసారి పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, మార్కుల కన్నా ముందు అప్పు ఎంతయిందో అడగండి. మనకు చెప్పలేక దాచుకున్నవాళ్ళు ఉంటారు.