పేరు వాళ్లది... పేరొచ్చింది ఆయనకి!

మెక్‌డొనాల్డ్స్‌ని మొదలుపెట్టిందెవరు? రే క్రాక్ అని కంపెనీ చాలాకాలం చెప్పుకొచ్చింది. మరి పేరులోని ఆ మెక్‌డొనాల్డ్ ఎవరు?

ఒకరు కాదు, ఇద్దరు. అన్న మారిస్, తమ్ముడు రిచర్డ్. 1940లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో హోటల్ పెట్టారు. బాగా నడుస్తున్నదాన్నే 1948లో కొన్నాళ్లు మూసేశారు. కార్ల దగ్గరికి వెళ్లి వడ్డించే అమ్మాయిల్ని మాన్పించారు. మెనూని తొమ్మిది రకాలకు కుదించారు. టెన్నిస్ కోర్టులో సుద్దముక్కతో వంటగది బొమ్మ గీసి, పనివాళ్లను అందులో నడిపించి, ఏ పొయ్యి ఎక్కడుండాలో తేల్చారు. కొత్త పద్ధతిలో హాంబర్గర్ 15 సెంట్లే. అదీ క్షణాల్లో!

క్రాక్ అప్పట్లో మిల్క్‌షేక్ యంత్రాలు అమ్మేవాడు. ఒక్క హోటలుకు ఎనిమిది యంత్రాలెందుకా అని 1954లో చూడ్డానికొచ్చి, ఆ వేగానికి ముగ్ధుడైపోయాడు. ఊరూరా ఫ్రాంచైజీలు ఇచ్చే బాధ్యత తీసుకున్నాడు. 1955 ఏప్రిల్ 15న ఇలినాయిస్‌లోని డెస్ ప్లెయిన్స్‌లో తన మొదటి హోటల్ తెరిచాడు. కంపెనీ పుట్టినరోజు అదేనన్నది ఆయన లెక్క. నిజానికి ఫీనిక్స్, డౌనీల్లో అన్నదమ్ముల ఫ్రాంచైజీలు 1953లోనే మొదలయ్యాయి.

1961లో 27 లక్షల డాలర్లిచ్చి క్రాక్ పేరుతో సహా అన్నీ కొనేశాడు. శాన్ బెర్నార్డినో హోటల్‌ని మాత్రం అన్నదమ్ములు ఇవ్వలేదు. కానీ పేరు అమ్మేశారుగా... సొంత హోటలుకే సొంత పేరు పెట్టుకోలేక 'బిగ్ ఎం' అని మార్చారు. దగ్గర్లోనే క్రాక్ మెక్‌డొనాల్డ్స్ తెరిచాడు. చివరికి బిగ్ ఎం మూతపడింది. అమ్మకాల్లో వాటా ఎప్పటికీ ఇస్తానని క్రాక్ చేతిలో చేయివేసి చెప్పాడనీ, పైసా ఇవ్వలేదనీ ఆ కుటుంబం ఆరోపణ. కాగితం మీద మాత్రం ఆ మాట లేదు.

క్రాక్ లేకపోతే ఆ బర్గర్ ఇన్ని దేశాలు దాటేది కాదేమో. అన్నదమ్ములు లేకపోతే అమ్ముకోవడానికి ఆయన దగ్గర మిల్క్‌షేక్ యంత్రాలే మిగిలేవి! 2016లో ఈ గొడవ మీద హాలీవుడ్ సినిమా కూడా వచ్చింది. పేరు... 'ది ఫౌండర్'!

డెస్ ప్లెయిన్స్‌లో కట్టిన మ్యూజియాన్ని కూల్చేస్తున్నట్టు కంపెనీ 2017లో ప్రకటించింది. అన్నదమ్ముల హోటలున్న చోట కూడా ఓ మ్యూజియం వెలిసింది. అయితే దాన్ని పెట్టింది మెక్‌డొనాల్డ్స్ కాదు... చికెన్ అమ్మే మరో హోటళ్ల సంస్థ యజమాని!