ముందు గాయం సంగతి చూడండి

తనను తాను గాయపరచుకున్న మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ఇంట్లోవాళ్లు వెనకాడేది ఎక్కువగా భయంతోనే. పోలీసులొస్తారేమో, కేసవుతుందేమో, నలుగురికీ తెలిస్తే పరువు పోతుందేమో! దాంతో గుడ్డ చుట్టి ఊరుకుంటారు, లేదా దగ్గర్లోని ఆర్ఎంపీకి గాజు గుచ్చుకుందని చెబుతారు. కేసు భయానికి ఇప్పుడు ఆధారం లేదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి, వేరేగా రుజువైతే తప్ప, తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ శిక్షించరాదనీ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. ఏడాది దాకా జైలుకు వీలిచ్చిన ఐపీసీ 309కి, 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో చోటు లేదు. ప్రభుత్వోద్యోగిని బలవంతపెట్టడానికి లేదా విధి నుంచి ఆపడానికి చేసే ఆత్మహత్యాయత్నమొక్కటే నేరంగా మిగిలింది. చావాలన్న ఉద్దేశం లేకుండా, భరించలేని బాధలో గాయపరచుకున్నవారికైతే ఈ నేర నిబంధనలేవీ వర్తించవు. ఆస్పత్రి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాసి స్టేషన్‌కు తెలియజేసినా అది నేరారోపణ కాదు. అత్యవసర చికిత్స ముందు, లాంఛనాలు తర్వాత అని సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో 1989లోనే తేల్చింది.

మిగిలిన భయాన్ని పెంచేది క్యాజువాలిటీలో ఎదురయ్యే చీదరింపు. ‘అందరూ తనను చూడాలని చేసింది, మెత్తగా ఉంటే మళ్లీ చేస్తుంది’ అనేది అక్కడ పాతుకుపోయిన వాదన. ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. ఇలాంటి గాయాలకు కుట్లు వేసేటప్పుడూ తగినంత మత్తు ఇవ్వాలని బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు 2004లో ప్రత్యేకంగా చెప్పాల్సొచ్చింది. శిక్షించే ధోరణి కూడదని 2022లో మరోసారి చెప్పారు. అవమానం గాయాన్ని ఆపదు, దాన్ని దాచిపెట్టడం నేర్పుతుంది. తిట్లు తిన్న మనిషి మరుసటిసారి చీము పట్టాక వస్తుంది, లేదా అసలు రాదు. గతంలో గాయపరచుకున్నవారికి ఆత్మహత్య ముప్పు ఎక్కువని వైద్యులకు తెలుసు. అలాంటి మనిషి తనంతట తాను ఆస్పత్రి గడప తొక్కిందంటే అది చేజార్చుకోకూడని అవకాశం. రద్దీలో ఓదార్చే తీరిక ఎక్కడిదంటారు సిబ్బంది. ఆ రద్దీ నిజమే. కానీ మందలించడానికీ సమయం పడుతుంది కదా!

వెంట వెళ్లేవారు చేయగలిగింది చాలా ఉంది. ఎందుకు చేశావని దారంతా నిలదీయకండి. ఏం చెప్పాలో తననే అడిగి, తను సరేనంటేనే తన తరఫున మాట్లాడండి. తెర వేయమనండి, మత్తు ఇచ్చాకే కుట్లు వేయమనండి, టీటీ ఇంజక్షన్ అవసరమా అని అడగండి. డాక్టర్‌కు మాత్రం అబద్ధం చెప్పొద్దు. గాయం ఎలా అయిందో, ఎప్పుడైందో తెలిస్తేనే చికిత్స సరిగ్గా సాగుతుంది. డాక్టర్ తనతో ఒంటరిగా మాట్లాడాలంటే నొచ్చుకోకుండా బయటికి రండి. బాధకు మూలం ఇంట్లోనే ఉండొచ్చు, అది మీ ముందు చెప్పలేకపోవచ్చు. చావాలనిపిస్తోందని అంటే ఒంటరిగా వదలకుండా, ఆ రోజే మానసిక వైద్యులు చూసేలా పట్టుబట్టండి. అయితే మానసిక చికిత్సకు ఒప్పుకుంటేనే కట్టు కడతామనే షరతు ఎవరూ పెట్టకూడదు. కుట్లు విప్పే రోజూ వెంట వెళ్లండి. ఈలోగా రాత్రివేళ మాట్లాడే తోడు కావాలంటే టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు.