గురువుపై మాజీ శిష్యుడు వేలెత్తినప్పుడు

1933లో రమణ మహర్షి మీద తమిళంలో ఒక పుస్తకం వచ్చింది. ఆయన నిజస్వరూపం బయటపెడుతున్నట్టు దాని పేరే చెప్పేది. రాసింది మతం గిట్టని బయటివాడు కాదు. పెరుమాళ్ స్వామి అరుణాచలం కొండ మీద రమణుల దగ్గరే ఉండి సేవ చేసినవాడు, స్కందాశ్రమం రోజుల్లో వ్యవహారాలు చక్కబెట్టినవాడు. 1922 మే నెలలో రమణుల తల్లి అళగమ్మాళ్ కన్నుమూశారు. ఆ ఏడాది చివర రమణులు కొండ దిగి ఆమె సమాధి దగ్గరికి వచ్చేశారు. అక్కడే ఆశ్రమం పెరిగింది. పాకల చోట కట్టడాలు లేచాయి, కానుకలు రాసాగాయి, పెత్తనం రమణుల తమ్ముడు నిరంజనానంద స్వామి చేతికి వెళ్లింది. అందరూ ఆయన్ను చిన్నస్వామి అనేవారు. గుహలో ఉండి భిక్షాన్నం తిన్న రోజుల్లో ఆస్తి తగాదాకు తావు లేదు. తగాదా పడటానికి అక్కడేముంది గనక! పెత్తనం చేజారిందన్న కోపంతోనే పెరుమాళ్ స్వామి ఎదురు తిరిగాడని ఆశ్రమం వైపువారు చెబుతారు. అది నిజమే కావచ్చు. అయినా ఫిర్యాదు చేసినవాడి కోపానికి కారణం వేరు, ఫిర్యాదులో ఉన్న విషయం వేరు.

పుస్తకం చూసి భక్తులు మండిపడ్డారు. రమణుల మాట మాత్రం వాళ్లు ఊహించనిది. ఆశ్రమం వాకిట్లో పెట్టి దాన్ని అమ్మితే సరి అన్నారట. మంచి భక్తులు చదివినా చలించరు, నమ్మినవాళ్లు రావడం మానేస్తారు, రద్దీ తగ్గుతుందన్నది ఆయన లెక్క. ఆశ్రమ నిర్మాణ పనులు చూసిన అన్నామలై స్వామి ఈ సంగతిని చాలా ఏళ్ల తర్వాత గుర్తుచేసుకున్నారు. వేళాకోళం పాలు ఎంతున్నా, పుస్తకాన్ని మాయం చేయమని గానీ రాసినవాడిని దండించమని గానీ ఆయన అనలేదన్నది గమనించాలి.

ఇంతవరకే చెప్పుకుంటే ఇది ఒక మహానుభావుడి ఓర్పు కథ అవుతుంది. అసలు నేర్చుకోవలసింది దీని రెండో సగంలో ఉంది. పెరుమాళ్ స్వామి ఆశ్రమం మీద హక్కు కోరుతూ కోర్టుకు వెళ్లాడు. ఆస్తి ఎవరిది, నిర్వహణ ఎవరిది అన్నది ప్రశ్న. దీన్ని రమణులు నవ్వి వదిలేయలేదు. 1936లో కోర్టు నియమించిన కమిషన్ ఆశ్రమానికి వచ్చినప్పుడు ఆయన కూర్చుని వకీళ్ల ప్రశ్నలకు జవాబులు చెప్పారు. ఏ ఆశ్రమానికి చెందినవారు అని అడిగితే నాలుగు ఆశ్రమాలకూ అతీతమైన అత్యాశ్రమం అన్నారు; దానికి ప్రమాణం ఏమిటంటే స్కాంద పురాణంలోని సూతసంహిత పేరు చెప్పారు. కోర్టు రికార్డులో సూతసంహిత ప్రమాణంగా ఎక్కడం తరచూ జరిగే పని కాదు. రెండేళ్లకు, 1938లో, ఆశ్రమ నిర్వహణ ఎవరి చేతిలో ఉండాలో చెప్పే విల్లు రిజిస్టరైంది. పెత్తనం గురించి నోటిమాటగా నడిచిన వ్యవహారం కాగితం మీదికి వచ్చింది.

వ్యక్తిగత దూషణకు మౌనం, ఆస్తి ప్రశ్నకు వాంగ్మూలం: ఒకే మనిషి నుంచి వచ్చిన రెండు రకాల విమర్శకు రెండు రకాల జవాబులు దొరికాయి. నేటి ఆశ్రమాలకు, పీఠాలకు, గురువు పేరిట నడిచే ట్రస్టులకు కావలసింది ఈ విడదీత. అది ఆయా గురువుల స్వభావం మీద ఆధారపడకుండా, ఫిర్యాదు రాకముందే నియమావళిలో రాసి ఉండాలన్నది ఈ కరపత్రం ప్రతిపాదన.

ఇప్పుడు సాధారణంగా జరిగేది వేరు. పదేళ్లో ఇరవై ఏళ్లో ఆశ్రమంలో ఉన్న మనిషి బయటికొచ్చి నోరు విప్పగానే ‘గురుద్రోహి’ అన్న మాట ముందు పుడుతుంది. తర్వాత అతడి పాత తప్పుల చిట్టా విప్పుతారు: డబ్బు తిన్నాడు, పదవి ఆశించాడు, మతి చలించింది, ఎవరో ఎగదోశారు. ఆడమనిషైతే ఈ చిట్టాలో చేరే మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు. లీగల్ నోటీసు వెళుతుంది. పాతిక మంది భక్తులు తమకు జరిగిన మేళ్లు చెబుతూ ప్రకటనలిస్తారు. ఒకరికి మేలు జరిగినంత మాత్రాన ఇంకొకరికి కీడు జరగలేదని రుజువు కాదు. అయినా ప్రతిసారీ ఇదే సాక్ష్యంగా వస్తుంది. ఇంత గొడవలోనూ అసలు ఫిర్యాదులో ఏముందో, ఏ తేదీన ఏం జరిగిందంటున్నారో ఎవరూ విడదీసి చెప్పరు. గురువు ఒక్క మాట మాట్లాడరు. రమణుల మౌనం లాంటిదే ఇదీ అని భక్తులు సర్దిచెప్పుకుంటారు గానీ, ఆయన అడిగినచోట మాట్లాడారన్న సంగతి అప్పుడు గుర్తురాదు.

గురునింద వినడమే పాపమన్న నమ్మకం ఈ ధోరణికి అండ. శాస్త్రంలో ఆ మాట ఉంది, నిజమే. దాని పక్కనే ఇంకో మాట కూడా ఉంది. తైత్తిరీయం శిక్షావల్లిలో చదువు ముగించుకుని వెళ్లే శిష్యుడికి ఆచార్యుడు చెప్పే బుద్ధుల్లో, మాలో ఉన్న మంచి నడతలనే పట్టుకో, తక్కినవి కాదన్నది ఒకటి. మాలో తక్కినవీ ఉండొచ్చని ఆచార్యుడే ఒప్పుకున్నట్టు. మంచీ చెడూ ఎరగక పెడదారి పట్టిన గురువును దండించవచ్చునన్న వాదం మహాభారతంలో వినిపిస్తుంది. రామానుజులు తన గురువు యాదవప్రకాశుల వ్యాఖ్యానాలతో విభేదించి బయటికి వచ్చారు. తర్వాత ఆ గురువే రామానుజులకు శిష్యుడయ్యాడని శ్రీవైష్ణవ సంప్రదాయం గర్వంగా చెప్పుకుంటుంది. గురువును ప్రశ్నించి వెళ్లిపోయినవాళ్లందరినీ ద్రోహులంటే సంప్రదాయంలో సగం మంది ఆచార్యులకు చోటు ఉండదు.

వివేకానందుడికీ ఈ అనుభవం తప్పలేదు. బేలూరు మఠం స్థలానికి పెద్ద మొత్తం ఇచ్చిన హెన్రియెట్టా ముల్లర్ 1898 చివర ఉద్యమం నుంచి తప్పుకుంటున్నట్టు బాహాటంగా ప్రకటించారు. లండన్‌లో ఆయన పని భుజాన వేసుకున్న ఇ.టి. స్టర్డీ మరుసటి ఏడు దూరమయ్యారు. సన్యాసులు సుఖాలు మరిగారన్నది ఆయన అభ్యంతరం. స్టర్డీకి వివేకానందుడు 1899 నవంబరులో రాసిన జవాబు మెత్తగా లేదు. ఇంగ్లండులో తాను తిన్న తిండి, ఉన్న గది ఎలాంటివో ఏకరువు పెట్టి, ఏ సుఖం గురించి నీ మాట అని నిలదీశాడు. ఆ కోపం గురువుకు తగదని అనేవారుండవచ్చు. కానీ ఆయన అభ్యంతరానికే నేరుగా జవాబు చెప్పాడు, తన తరఫున తనే చెప్పాడు. ఆ ఉత్తరాన్ని రామకృష్ణ మఠం దాచకుండా ఆయన రచనల సంపుటాల్లో అచ్చువేసింది. 1901 జనవరిలో మఠం ఆస్తికి ట్రస్టు దస్తావేజు కూడా రాయించారు.

ఈ రెండు ఉదాహరణలకూ ఒక హద్దు ఉంది. రమణులను తిట్టిన పుస్తకం వల్ల ఇబ్బంది పడింది రమణులొక్కరే. ఓర్చుకునే హక్కు ఆయనదే. శిష్యురాలిపై చేయి వేశారనో, గురుకులంలో పిల్లలను కొట్టారనో వచ్చే ఫిర్యాదు అలాంటిది కాదు. అక్కడ నష్టపోయినది మరొకరు. వాళ్ల తరఫున ఓర్పు వహించే అధికారం గురువుకు గానీ ట్రస్టుకు గానీ లేదు. ఇస్కాన్ చరిత్ర ఈ తేడాను బాగా చూపిస్తుంది. అమెరికాలోనూ ఇండియాలోనూ ఆ సంస్థ నడిపిన గురుకులాల్లో పిల్లలు హింసకు, లైంగిక వేధింపులకు గురయ్యారని, ఆ పిల్లలే పెద్దవాళ్లై 1990లలో బయటపెట్టారు. 1998లో సంస్థ సొంత పత్రికే ఈ విషయంపై సామాజిక శాస్త్రవేత్త బర్క్ రోచ్‌ఫర్డ్ వ్యాసం అచ్చువేసింది. అదే ఏడాది పిల్లల రక్షణకు ప్రత్యేక కార్యాలయం తెరిచారు. అయినా 2000లో పూర్వ విద్యార్థులు టెక్సస్‌లో 40 కోట్ల డాలర్లకు దావా వేశారు. కొన్ని ఆలయాలు దివాలా రక్షణ కోరవలసి వచ్చింది. ఒప్పుకోవడం మంచిదే, కానీ ఆలస్యంగా వచ్చిన ఒప్పుకోలుకు ఖరీదు ఎక్కువ.

మన చట్టాలు చాలావరకు దారి చూపుతూనే ఉన్నాయి. పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం జీతగాళ్లకే కాదు, స్వచ్ఛందంగా పనిచేసేవారికీ వర్తిస్తుంది. ఆశ్రమ భాషలో చెప్పాలంటే వంటశాలలో, గోశాలలో, ఆసుపత్రిలో ‘సేవ’ చేసే స్త్రీలకు కూడా. పదిమంది గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ పనిచేసేచోట అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండితీరాలి. అంతకన్నా చిన్న సంస్థలకు జిల్లా స్థాయి కమిటీ ఉంది. ఇది తమకు కాదనుకునే ఆశ్రమాలు నోటీసు బోర్డు మీద ప్రవచన వేళలు రాసినంత శ్రద్ధగా కమిటీ సభ్యుల పేర్లు రాయకపోవడంలో వింత లేదు. పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ఇంకా కచ్చితమైనది. నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పాల్సిందే, చెప్పకపోవడం శిక్షార్హం. సంస్థ పరువు కోసం లోపలే తేల్చుకుందామనే వెసులుబాటు అందులో లేదు.

డబ్బు, నిర్వహణ గురించిన ఫిర్యాదులకు ఇంకో దారి ఉంది. పబ్లిక్ ట్రస్టు వ్యవహారంలో ఆసక్తి ఉన్నవాళ్లు ఇద్దరు కలిస్తే కోర్టు అనుమతితో సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద దావా వేయవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మఠాల మీద 1987 నాటి దేవాదాయ చట్టం అజమాయిషీ ఎటూ ఉంది. అయితే కోర్టుదాకా వెళ్లేలోపే సగం అనుమానాలు తీర్చగలిగేది ఆడిట్ లెక్కే. పరిమితి దాటిన ఆదాయానికి పన్ను మినహాయింపు కోరే ట్రస్టు ఎలాగూ ఆడిట్ చేయించాలి. ఆ కాగితాన్ని ఆదాయపు పన్ను శాఖకు చూపి, హుండీలో వేసిన భక్తుడికి చూపకపోవడానికి చెప్పదగిన కారణం కనిపించదు.

ఇక పరువునష్టం కేసు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద కూడా పరువునష్టం నేరమే. ప్రజాహితం కోసం చెప్పిన నిజానికి పాత చట్టంలో ఉన్న మినహాయింపు ఇందులోనూ కొనసాగింది. అబద్ధంతో పరువు తీసిన మనిషి మీద కోర్టుకెళ్లే హక్కు ఎవరికైనా ఉంటుంది. కానీ విషయం విచారించకముందే నోటీసు పంపితే మిగతా శిష్యులకు ఒకే సందేశం వెళుతుంది: నోరు మూసుకోండి. తర్వాత కేసు గెలిచినా, లోపలి మనిషి ఎవరూ ఇక ముందు ట్రస్టీల దగ్గరికి వచ్చి నిజం చెప్పరు. ఆశ్రమానికి ఇది ఆ విమర్శ కంటే పెద్ద నష్టం.

కాబట్టి నియమావళిలో చేరవలసినవి ఇవి. ఎవరి ఫిర్యాదైనా, వెళ్లిపోయిన శిష్యుడిదైనా, అందినట్టు తేదీ వేసి రాతపూర్వకంగా తెలపాలి. ఫిర్యాదును నాలుగు కుప్పలుగా విడదీయాలి. సిద్ధాంతం మీద విభేదాన్ని పండితులు చర్చలో తేల్చుకుంటారు, అందులో గెలుపోటములు తప్ప నేరం లేదు. గురువు వ్యక్తిత్వం మీద ఒట్టి దూషణ విషయంలో గురువు ఇష్టం. మౌనమైనా సరే, జవాబైనా సరే, కానీ భక్త బృందాలు ఆయన తరఫున రంగంలోకి దిగకూడదు. డబ్బు, ఆస్తి విషయాలు బయటి ఆడిటర్‌కు వెళ్లాలి. మనుషులకు హాని జరిగిందన్న మాట వెంటనే చట్టం చెప్పినచోటికి చేరాలి. ఆ విచారణ నడిచినన్నాళ్లు ఆరోపణ ఎదుర్కొంటున్నవారు ఏకాంత దర్శనాలు ఇవ్వకూడదు. చివరిది ఒప్పుకోవడం చాలా ఆశ్రమాలకు కష్టం. గురువుకు కూడా ఇది వర్తిస్తుందని రాయకపోతే మిగతా నియమాలన్నీ వంటవాళ్లకూ డ్రైవర్లకూ మాత్రమే అవుతాయి.

బయటి విచారణకు ముగ్గురు చాలు. ముగ్గురిలో ఎవరూ దీక్ష తీసుకున్నవారై ఉండకూడదు, ఒక్క స్త్రీ అయినా ఉండాలి, చట్టం తెలిసిన మనిషి ఒకరు ఉండాలి. వాళ్లు తేల్చినదాంట్లో బాధితుల పేర్లు తీసేసి తక్కినది ఆశ్రమ పత్రికలోనే అచ్చువేయాలి. ఆరోపణ తప్పని తేలితే ఆ మాట అంతే పెద్ద అక్షరాల్లో రావాలి. అబద్ధపు నింద మోసిన గురువుకు అంతకన్నా గట్టి రక్షణ ఏ భక్త బృందమూ ఇవ్వలేదు.

విమర్శించే మాజీ శిష్యుడికీ కొన్ని బాధ్యతలున్నాయి. కళ్లతో చూసింది ఏది, విన్నది ఏది, ఊహించింది ఏది అన్నది విడివిడిగా చెప్పాలి. తాను ఆశ్రమంలో ఉన్నప్పుడు ఆ వ్యవహారంలో తన పాత్ర ఏమిటో దాచకూడదు. చాలా ఆరోపణలు బలహీనపడేది ఇక్కడే. లైంగిక దాడి బాధితుల పేర్లు బయటపెట్టడం నేరం కూడా.

ఇలాంటి తలుపు తెరిస్తే డబ్బు గుంజేవాళ్లు వరసకడతారని ట్రస్టీలు భయపడతారు. నిజానికి బెదిరింపు పనిచేసేది విషయం బయటపడకూడదని అవతలివాడు కోరుకున్నప్పుడే. ఫిర్యాదంతా ముగ్గురు బయటివాళ్ల ముందు పడుతుందంటే బేరానికి సరుకు మిగలదు. భక్తుల మనసు నొచ్చుకుంటుందన్న మాట ఇంకొకటి. 1936లో గురువును వకీళ్లు ప్రశ్నించడం చూసినవాళ్ల మనసూ నొచ్చుకునే ఉంటుంది. ఆశ్రమం మూతపడలేదు. ముసలితనంలో జబ్బుపడిన పెరుమాళ్ స్వామి నరకభయంతో రమణుల దగ్గరికి తిరిగివచ్చాడని, అక్కడ కూడా తాను ఉంటానని రమణులు ధైర్యం చెప్పారని భక్తులు చెప్పుకుంటారు. అతడు తిరిగి రాకపోయినా పద్ధతి అదే ఉండవలసింది.

సొసైటీగా నమోదైన ఆశ్రమం ఈ మార్పును సర్వసభ్య సమావేశంలో తీర్మానంగా తెచ్చి, సవరించిన నిబంధనలను రిజిస్ట్రారుకు దాఖలు చేయవచ్చు. ట్రస్టు అయితే దస్తావేజు ఇచ్చిన అధికారం మేరకు ధర్మకర్తల తీర్మానం సరిపోతుంది; దస్తావేజు అడ్డువస్తే కోర్టు అనుమతి కోరాలి. గురువు ఆరోగ్యంగా ఉండి, ఆయన మాటకు ఎదురులేని కాలంలో ఈ పని తేలిక. వారసత్వ తగాదా మొదలయ్యాక ప్రతి నిబంధనా ఎవరో ఒకరి మీద గురిపెట్టినట్టే కనిపిస్తుంది.